6 మి.మీ. సైనికుడికి కామోఫ్లాజ్ వేయడం: ముందు మనిషి కనిపించాలి, తర్వాతే మచ్చలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 6 మి.మీ., 15 మి.మీ. సైజుల్లో 1980ల నాటి అమెరికన్ పదాతిదళపు చిన్న బొమ్మలను తయారు చేస్తున్నారు. వుడ్‌ల్యాండ్ (నాలుగు రంగుల అడవి మచ్చల) యూనిఫాం ఫొటో ఎదురుగా పెట్టుకుని, దొరికినవాటిలో అతి సన్నని బ్రష్‌తో నాలుగు రంగులూ వేశారు. కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే బాగానే ఉంది. టేబుల్ మీద పెట్టి నిలబడి చూస్తే మాత్రం రంగులన్నీ కలిసిపోయి, ఎవరు ఎటు తిరిగి ఉన్నారో కూడా తెలియడం లేదు. ఇంకా సన్నని బ్రష్ కొనాలా, రంగులే మార్చాలా అని అడిగారు.

బ్రష్ కొనకండి. ఇంకా సన్నని బ్రష్‌తో సమస్య పెరుగుతుంది, ఎందుకో కింద చెబుతాను. మీ బొమ్మల మీద జరిగింది ఏమిటంటే, కామోఫ్లాజ్ తన పని తాను చేసింది. మనిషి రూపురేఖలను విడగొట్టి, తల ఎక్కడ, భుజం ఎక్కడ, కాలు ఎక్కడ అన్నది కంటికి అందకుండా చేయడానికే దాన్ని కనిపెట్టారు. దాన్ని ఉన్నదున్నట్టు 6 మి.మీ. బొమ్మ మీద దించితే బొమ్మ కూడా అలాగే మాయమవుతుంది. టేబుల్ మీద మనకు కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు. చూసేవాళ్లకు ముందు మనిషి కనిపించాలి. ఆ తర్వాతే అతని ఒంటి మీద కామోఫ్లాజ్ ఉన్నట్టు తెలియాలి. నేను చెప్పబోయే ప్రతి సలహా ఈ వరుసను కాపాడటానికే.

ముందు కొంచెం లెక్క చూద్దాం, ఇది లేకుండా మిగతాది అర్థం కాదు. 6 మి.మీ. అని మనం పిలిచే బొమ్మలు 1:285, 1:300 స్కేల్‌లవి. 1:300లో ఒక మిల్లీమీటర్ అంటే అసలు మనిషి మీద 30 సెంటీమీటర్లు. బట్ట మీద 10 సెం.మీ. వెడల్పున్న మచ్చ ఈ బొమ్మ మీద మిల్లీమీటర్‌లో మూడో వంతు అవుతుంది. తొడ వెడల్పు లెక్క ప్రకారం అర మిల్లీమీటర్ పైచిలుకు ఉండాలి. పోత పోసేటప్పుడు కాళ్లూ చేతులూ విరగకుండా లావుగా చేస్తారు కాబట్టి చాలా బొమ్మల్లో మిల్లీమీటర్ దాకా వస్తుంది. అంటే ఒక కాలి మీద మీకున్న జాగా రెండు మచ్చలకే సరిపోతుంది. అక్కడ ఏడెనిమిది చుక్కలు పెట్టినా పెట్టగలరు, కానీ అవి ఎవరికీ కనిపించవు.

ఇప్పుడు దూరం సంగతి. టేబుల్ మీది బొమ్మను మనం 60 సెం.మీ. దూరం నుంచి చూస్తాం అనుకుందాం. 1:300లో అది 180 మీటర్లు. అంత దూరంలో నిలబడ్డ సైనికుడి బట్టల మీద మచ్చలు మీరు లెక్కపెట్టలేరు. 15 మి.మీ. బొమ్మలు సుమారు 1:100 కాబట్టి అదే 60 సెం.మీ. అక్కడ 60 మీటర్లవుతుంది. ఆ దూరంలో పెద్ద మచ్చలు తెలుస్తాయి, చిన్నవి పక్క రంగులో కలిసిపోతాయి. పత్రికలో అచ్చయిన రంగుల ఫొటోను భూతద్దంతో చూస్తే విడివిడి చుక్కలు, చెయ్యి చాచి పట్టుకుంటే ఒకే రంగు. మీ ఆకుపచ్చ, గోధుమ, నలుపు, ఇసుక రంగు చుక్కలు కూడా అలాగే కలిసి ఒక మురికి పచ్చ అయ్యాయి.

ఈ ఇబ్బంది బొమ్మలు వేసేవాళ్లకే కాదు, అసలు యూనిఫాం రూపొందించినవాళ్లకూ వచ్చింది. మీరు వేస్తున్న వుడ్‌ల్యాండ్‌కు మాతృక ఈఆర్‌డీఎల్ అనే నమూనా. అమెరికా సైన్యపు ఇంజనీర్ల పరిశోధనశాల దాన్ని 1948లో తయారు చేసింది, విస్తృతంగా వాడింది మాత్రం వియత్నాంలో. అడవిలో దగ్గరి పోరుకు పనికొచ్చిన ఆ మచ్చలు దూరం పెరిగితే కలిసిపోతాయి. అందుకే దాన్ని 60 శాతం పెద్దది చేసి 1981లో వుడ్‌ల్యాండ్‌గా తెచ్చారు. చూసే దూరం మారితే మచ్చ సైజు మారాలన్న సూత్రాన్ని వాళ్లే పాటించారు. మనం టేబుల్ మీద చేసేది కూడా అదే, కాకపోతే ఇంకా ధైర్యంగా.

ఎంత పెద్దది చేయాలి? నా లెక్కలో 15 మి.మీ.లో అసలు స్కేల్‌కు ఒకటిన్నర నుంచి రెండింతలు, 6 మి.మీ.లో రెండు నుంచి మూడింతలు. మచ్చ పెద్దదైన కొద్దీ సంఖ్య తగ్గాలి. 6 మి.మీ.లో కాలికి రెండు, చేతికి ఒకటి, వీపుకు రెండో మూడో, ఛాతీకి తుపాకీ అడ్డం రాని చోట ఒకటి. ఇంతే. మొదటిసారి ఇది చాలదేమో అనిపిస్తుంది, చేతులు ఊరుకోవు. దయచేసి ఆగండి. అడుగు రంగు కనీసం సగం కనిపిస్తూ ఉంటేనే అది అడుగు రంగు అనిపించుకుంటుంది, లేకపోతే దాని మీద మచ్చలు ఉన్నాయన్న భావనే రాదు.

రంగుల సంఖ్య కూడా తగ్గించాలి. 6 మి.మీ.లో అడుగు రంగు కాకుండా రెండు చాలు. 15 మి.మీ.లో మూడు. ఏ రెండు ఉంచాలి అన్నదానికి నేను వాడే పరీక్ష చాలా సులువు. అసలు యూనిఫాం ఫొటోను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి, వేలిగోరంత అయ్యేదాకా చిన్నది చేయండి. అప్పటికీ విడిగా కనిపిస్తున్న రంగులు ఉంచండి, కలిసిపోయినవి వదిలేయండి. దీనికి కారణం ఉంది. చాలా చిన్న వివరాల్లో మన కన్ను వెలుగు నీడల తేడాను పట్టుకున్నంత బాగా రంగుల తేడాను పట్టుకోలేదు. ఆకుపచ్చ పక్కన గోధుమ రంగు, రెండూ ఒకే ముదురుతనంలో ఉంటే, 28 మి.మీ. బొమ్మ మీద తెలుస్తుందేమో గానీ 6 మి.మీ. మీద తెలియదు. కాబట్టి ‘సరైన గోధుమ రంగు ఏది’ అని వెతకడం కన్నా ‘నా ఆకుపచ్చ కంటే ఇది తగినంత ముదురుగా ఉందా’ అని చూసుకోవడం ముఖ్యం. పెయింట్ సీసా మీద సరిగ్గా ఆ యూనిఫాం పేరే రాసి ఉన్నా సరే, పక్క రంగుతో తేడా చాలకపోతే మార్చేయండి.

ఇక అన్ని రంగులూ ఫొటోలో కంటే లేతగా ఉండాలి. అదే రంగు చిన్న వస్తువు మీద ముదురుగా కనిపిస్తుంది. పైగా దూరంలో ఉన్న వస్తువుల రంగులు మామూలుగానే పలుచబడతాయి. అక్రిలిక్ రంగు ఆరాక ఇంకాస్త ముదురుతుందని కూడా గుర్తుంచుకోండి. లేత చేయడానికి తెల్ల రంగు కలపకండి, సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. దంతపు రంగో, లేత ఇసుక రంగో కలపండి. అసలైన నలుపు బట్టల మీద ఎక్కడా వద్దు. ఆ సైజులో నల్ల చుక్క మచ్చలా కాక రంధ్రంలా కనిపిస్తుంది. ముదురు బూడిద రంగులో కొంచెం గోధుమ కలిపితే కంటికి నలుపే.

బ్రష్ గురించి చెబుతానన్నాను. 5/0, 10/0 అని అమ్మే అతి సన్నని బ్రష్‌ల పొట్టలో రంగు నిలవదు. పాలెట్ నుంచి బొమ్మ దాకా తెచ్చేలోపు మొన దగ్గర ఆరిపోతుంది. దాంతో మీరు గట్టిగా అదుముతారు, మచ్చ ఎండిన గడ్డలా పడుతుంది. మంచి మొన ఉన్న 0 లేదా 1 నంబర్ బ్రష్ తీసుకోండి. కొలిన్‌స్కీ సేబుల్ వెంట్రుకలదైతే మొన నిలుస్తుంది. సింథటిక్‌వి కొన్నాళ్లకు కొన దగ్గర కొక్కెంలా వంగుతాయి, అప్పుడు వాటిని డ్రై బ్రషింగ్‌కు (దాదాపు ఆరిన బ్రష్‌తో ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే రంగు తాకించడానికి) మళ్లించండి. మొన సన్నగా ఉండాలి, పొట్ట నిండుగా ఉండాలి, అంతకంటే ఏమీ లేదు. పాలెట్ తడిగా ఉంచుకోండి. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్ పరిస్తే వెట్ పాలెట్ తయారు. రంగు ఎంత పలుచగా ఉండాలో తెలియాలంటే కాగితం మీద గీత గీయండి. గీత తెగకుండా సాగాలి, కానీ అంచులు పాకకూడదు. త్వరగా ఆరిపోతుంటే రిటార్డర్ ఒక చుక్క కలపండి.

భూతద్దం విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిది. తలకు పెట్టుకునేదైతే రెండింతలు చూపించేది చాలు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఎవరికీ కనిపించని వాటిని వేయడం మొదలుపెడతాం, టైమ్ అంతా అక్కడే పోతుంది. వేసేటప్పుడు భూతద్దం పెట్టుకోండి, బాగుందో లేదో తేల్చుకునేటప్పుడు మాత్రం తీసేయండి. చెయ్యి చాచి పట్టుకుని, కళ్లు సగం మూసి చూడండి. తీర్పు అక్కడే ఇవ్వాలి.

ఇప్పుడు 6 మి.మీ. వుడ్‌ల్యాండ్ సైనికుణ్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా వేస్తానో రాస్తాను. బొమ్మలను విడివిడిగా పట్టుకోవద్దు. చెక్క పుల్ల మీద జిగురుతో ఒక వరుసగా అంటించండి, మధ్యలో బ్రష్ దూరేంత ఖాళీ వదలండి. లేత బూడిద రంగు ప్రైమర్ కొట్టండి. నల్ల ప్రైమర్ పెద్ద బొమ్మలకు నీడలు ఇస్తుంది గానీ ఇంత చిన్నవాటిని చీకటి చేస్తుంది. తర్వాత ఆకుపచ్చ అడుగు రంగు, ఫొటోలో కంటే రెండు మెట్లు లేతగా. అది ఆరాక పలుచని ముదురు గోధుమ వాష్, అంటే నీళ్లలా పలుచన చేసిన రంగు. నల్ల వాష్ వద్దు. వాష్ మడతల్లో, బెల్ట్ కింద, చంకల్లో దిగుతుంది. ఆరాక మళ్లీ అదే అడుగు రంగుతో భుజాల పైభాగం, మోకాళ్లు, హెల్మెట్ నెత్తి మీద తేలిగ్గా డ్రై బ్రష్ చేయండి. చూశారా, ఇంకా ఒక్క మచ్చ కూడా పడలేదు, అప్పుడే మనిషి రూపం వచ్చేసింది. ఈ దశలో బొమ్మ మనిషిలా కనిపించకపోతే మచ్చలు వేశాక ఎట్టి పరిస్థితిలోనూ కనిపించదు.

ఇక్కడ చాలామంది వరుస తారుమారు చేస్తారు. మచ్చలన్నీ వేసి, చివర్లో అంతటికీ వాష్ పూస్తారు. వాష్ లేత మచ్చలను ముదురు చేస్తుంది, ముదురు వాటిని అలాగే ఉంచుతుంది, మనం కష్టపడి పెంచిన తేడా కాస్తా పోతుంది. వాష్ ముందు, మచ్చలు తర్వాత. మీ బొమ్మలు కలిసిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, ఒకసారి చూసుకోండి.

గోధుమ మచ్చలు వేసేటప్పుడు బ్రష్ నిండా రంగు తీసుకుని, టిష్యూ మీద ఒకసారి తాకించి, మొన పక్కభాగాన్ని బొమ్మకు ఆనించి కొద్దిగా లాగండి. నిట్టనిలువుగా పొడిస్తే గుండ్రటి చుక్క వస్తుంది. గుండ్రటి చుక్కలు కామోఫ్లాజ్‌లా అనిపించవు, బట్టకు ఏదో చింది పడ్డట్టు ఉంటాయి. ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యమే. ఎడమ తొడ బయటి అంచున ఒకటి, కుడి మోకాలి లోపలి వైపు ఒకటి, వీపు మీద భుజం నుంచి ఏటవాలుగా ఒకటి. ఒక కాలి మీద ఉన్న చోటే రెండో కాలి మీద పెట్టకండి. హెల్మెట్ కవర్ మీద రెండు మచ్చలు వేస్తే, ఒకటి అంచుకు ఆనాలి. కానీ తల మొత్తం గుండ్రని ఆకారం మాత్రం తెలుస్తూనే ఉండాలి.

తర్వాత లేత ఇసుక రంగు. ఇది గోధుమ మచ్చల్లో సగం సైజు, సగం సంఖ్య. గోధుమ మచ్చ అంచుకు తగిలేలా పెట్టండి. ముదురు పక్కనే లేత రావడంతో ఆ రెండూ కలిసి దూరం నుంచి ‘ఇక్కడ ఏదో నమూనా ఉంది’ అని చెబుతాయి. విడిగా పచ్చ మీద పెడితే ఆ బలం రాదు. నాలుగో రంగు నలుపు. 6 మి.మీ.లో దాన్ని వదిలేయండి. మడతల్లో దిగిన వాష్ ఆ పని చేసేసింది.

ఇప్పుడు నేను ఎక్కువ శ్రద్ధ పెట్టే భాగం. కామోఫ్లాజ్ లేని చోట్లు. ముఖం, చేతులు, బూట్లు, తుపాకీ, వెబ్బింగ్ (సామాను మోసే బెల్ట్, పట్టీలు, పౌచ్‌లు). బొమ్మను బతికించేవి ఇవే. ముఖం, చేతులు అసలు చర్మపు రంగు కంటే లేతగా, కాస్త వెచ్చగా వేయండి. హెల్మెట్ అంచు కింద ముదురు గీత ఒకటి ఉంటే తల, ముఖం విడిపోతాయి. వెబ్బింగ్‌ను యూనిఫాం కంటే ఖచ్చితంగా లేతగా, ఒకే రంగులో వేయండి. ఆలిస్ అని పిలిచే ఆ కాలపు అమెరికన్ సైన్యపు బెల్ట్, పౌచ్‌లు సాదా ఆలివ్ పచ్చ, అంటే మచ్చల మధ్య మచ్చలు లేని జాగా. 6 మి.మీ.లో నడుముకు అడ్డంగా ఒక లేత గీత పడితే పై శరీరం, కింది శరీరం తక్షణమే విడిపోతాయి. ఆ ఒక్క గీత పది మచ్చల కంటే ఎక్కువ పని చేస్తుంది. తుపాకీ ముదురు బూడిద, దాని పైఅంచున లేత బూడిద గీత. బూట్లు ముదురుగా ఉంటే మనిషి నేల మీద నిలబడినట్టుంటాడు.

15 మి.మీ.లో ఇదే పద్ధతి. కాకపోతే నలుపు కూడా వస్తుంది, సన్నని వంకర కొమ్మల్లా, గోధుమ మచ్చ అంచుల వెంబడి. దీనికి కావాలంటే 0.05 లేదా 0.1 పిగ్మెంట్ ఇంక్ పెన్ను వాడొచ్చు. ముందు మ్యాట్ వార్నిష్ ఒక పూత వేస్తే ఇంకు పట్టుకుంటుంది. పెన్ను గీతల మీద బ్రష్‌తో వార్నిష్ పూయకండి, చెదిరే ప్రమాదం ఉంది. బాగా ఆరనిచ్చి, పలుచగా స్ప్రే చేయండి.

వుడ్‌ల్యాండ్ అయ్యాక మీరు ఇతర సైన్యాలకు వెళతారు కాబట్టి కొన్ని నమూనాల గురించి కూడా రాస్తాను. అన్నింటికీ ఒకే శ్రమ అక్కర్లేదు.

అన్నింటికంటే సులువు రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ అమీబా. స్నైపర్లు, గస్తీ దళాలు వేసుకున్న వదులైన ఓవరాల్స్ మీద వచ్చేది. పచ్చ మీద చాలా పెద్ద ముదురు మచ్చలు. ఎంత పెద్దవంటే పెద్దగా మార్పు చేయకుండానే 1:300లో పనికొస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను మొదట ఇదే వేయమంటాను. పసిఫిక్‌లో పోరాడిన అమెరికన్ మెరైన్లూ సులువే. చాలామందికి హెల్మెట్ కవర్ మాత్రమే మచ్చలది, బట్టలు సాదా బూడిద పచ్చ. 6 మి.మీ.లో హెల్మెట్‌కు ఇసుక రంగు వేసి రెండు గోధుమ, ఒక పచ్చ మచ్చ పెడితే అయిపోయింది. నార్మండీలో 1944లో కొన్ని అమెరికన్ దళాలకు మచ్చల బట్టలు ఇచ్చారు గానీ, జర్మన్ ఎస్ఎస్ దళాలుగా పొరబడే ప్రమాదం ఉండటంతో అవి అక్కడ నిలవలేదు.

బ్రిటిష్ పారాట్రూపర్ల డెనిసన్ స్మాక్ (బట్టల మీద వేసుకునే వదులైన పై చొక్కా) నాకు చాలా ఇష్టమైనది. బ్రష్‌తో వెడల్పుగా లాగిన గీతల్లాంటి నమూనా కాబట్టి మన చేతి కదలిక దానికి సహజంగా సరిపోతుంది. 15 మి.మీ.లో ఇసుక రంగు అడుగు మీద ముదురు పచ్చ పొట్టి గీతలు, వాటి మీదకు కొంచెం ఎక్కేలా ఎర్ర గోధుమ గీతలు. రెండు రంగులు ఒకదానిపై ఒకటి పడ్డ చోట మూడో ముదురు రంగు దానంతటదే పుడుతుంది, అందుకని పచ్చ కాస్త పలుచగా ఉంచండి. కింద ప్యాంటు సాదా ఖాకీ గోధుమ. సగం ఒళ్లు సాదాగా ఉండటం మనకు వరం. జర్మన్ల విషయంలోనూ అంతే, ఫీల్డ్‌గ్రే (పచ్చ కలిసిన బూడిద రంగు) ప్యాంటు మీద మచ్చల స్మాక్ వేస్తే మనిషి వెంటనే తెలుస్తాడు.

ఆ జర్మన్ నమూనాల్లో స్ప్లిటర్ 1931లో డేరా గుడ్డలతో మొదలైంది, తర్వాత హెల్మెట్ కవర్లు, స్మాక్‌లకు వచ్చింది. కోసుగా, పగిలిన గాజు పెంకుల్లా ఉండే మచ్చలు, వాటి మీద వాన చినుకుల్లా సన్నని గీతలు. ఆ గీతలను 15 మి.మీ.లో కూడా వేయకండి. మచ్చలకు కోణాలు ఉంటే చాలు. బ్రష్ మొనను రెండు దిక్కుల్లో లాగితే త్రికోణం వస్తుంది. ఎస్ఎస్ వాళ్ల స్మాక్‌లు రెండు వైపులా వేసుకునేవి, ఒకవైపు వసంత, వేసవి కాలాల పచ్చ, రెండోవైపు శరత్కాలపు గోధుమ. దళం మొత్తానికీ ఒకే వైపు ఎంచుకోండి. చిన్న స్కేల్‌లో రెండూ కలిపితే రెండు వేర్వేరు దళాల్లా కనిపిస్తాయి. 1944 నాటి బఠాణీ చుక్కల నమూనాకు మాత్రం బ్రష్ కంటే పంటి పుల్ల కొన మేలు. అక్కడ గుండ్రటి చుక్కలే కావాలి.

1991 గల్ఫ్ యుద్ధపు ఆరు రంగుల ఎడారి యూనిఫాం, చాక్లెట్ చిప్ అని అందరూ పిలిచేది, 15 మి.మీ.లో వేయడం చాలా తృప్తినిస్తుంది. లేత ఇసుక అడుగు మీద అడ్డంగా అలల్లా రెండు వెడల్పైన లేత గోధుమ పట్టీలు. వాటి మీద అక్కడక్కడా గులకరాళ్లు, అంటే నలుపు చుక్క, దాని పక్కనే ఆనుకుని ఒక తెలుపు చుక్క. ఛాతీ మీద రెండు, ఒక్కో కాలి మీద రెండు, హెల్మెట్ మీద మూడు. ఆ నలుపు తెలుపు జంట ఉంటే చాలు, యూనిఫాం ఏదో గది అవతలి నుంచి కూడా చెప్పేయవచ్చు. నల్ల చుక్క ముందు పెట్టి పూర్తిగా ఆరనివ్వండి, తెలుపు సరిగ్గా మధ్యలో పడితే కన్నులా కనిపిస్తుంది, అందుకే పక్కకు. దీని తర్వాత వచ్చిన మూడు రంగుల ఎడారి యూనిఫాంలో గులకరాళ్లు లేవు. ఇసుక అడుగు, పాలిపోయిన పచ్చ పట్టీలు, పలుచగా గోధుమ గీతలు. 6 మి.మీ.లో ఆ పచ్చను వదిలేసి గోధుమ గీతలు మాత్రం ఉంచండి.

వియత్నాం నాటి టైగర్ స్ట్రైప్‌లో చారలు అడ్డంగా ఉంటాయి. చెయ్యి చుట్టూ పూర్తిగా తిప్పితే ఖైదీ దుస్తుల్లా అవుతుంది, సగంలో ఆపేసి రెండో వైపు కొంచెం పైనో కిందో మొదలుపెట్టండి. బ్రిటిష్ సైన్యపు డీపీఎం నమూనా 15 మి.మీ.లో వుడ్‌ల్యాండ్ లాగే, కాకపోతే బ్రష్ గీతల చివర్లు చిరిగినట్టు ఉండాలి, పచ్చ కాస్త హుషారుగా ఉండాలి.

1990 ప్రాంతంలో జర్మన్ సైన్యం తీసుకున్న ఫ్లెక్టార్న్‌లో ఐదు రంగుల చుక్కలు. దీన్ని చూసి భయపడేవాళ్లు ఎక్కువ. చుక్కలను చుక్కలుగా కాకుండా గుంపులుగా చూడండి. లేత పచ్చ అడుగు మీద ముదురు పచ్చ గుంపులు, వాటి అంచుల్లో ఎర్ర గోధుమ చుక్కలు. రంగును చిన్న స్పాంజి ముక్కతో అద్దితే 15 మి.మీ.లో చక్కగా వస్తుంది. 6 మి.మీ.లో రెండే రంగులు.

ఇక డిజిటల్ నమూనాలు. కెనడా క్యాడ్‌ప్యాట్, అమెరికన్ మెరైన్ల మార్‌ప్యాట్ లాంటివి. బట్ట మీద కొన్ని మిల్లీమీటర్లుండే చదరాలు 1:100లోనే కంటికి అందనంత చిన్నవైపోతాయి. చతురస్రాలు గీయడానికి ప్రయత్నించడం వృథా. అంచులు మెత్తగా కనిపించే మచ్చలు వేయండి, అంటే మచ్చ చుట్టూ అదే రంగు పలుచని చుక్కలు రెండు మూడు. అమెరికా సైన్యం 2005లో పంచిన యూసీపీ అయితే అసలు రంగులే దగ్గర దగ్గర ముదురుతనంలో ఉంటాయి, దూరం నుంచి పాలిపోయిన బూడిద పచ్చగా కలిసిపోతుందన్నది దాని మీద వచ్చిన ప్రధాన విమర్శ. కాబట్టి 6 మి.మీ.లో దానికి ఒకే సాదా రంగు వేసినా అది పూర్తిగా సరైనదే, నేనైతే అలాగే వేస్తాను. మల్టీక్యామ్, 2010లో బ్రిటన్ తెచ్చిన ఎంటీపీ కూడా అంచులు కరిగిపోయే రకం. ఖాకీ ఇసుక అడుగు మీద నీళ్లలా పలుచని పచ్చ, దాని మీద పొట్టి గోధుమ గీతలు కొన్ని, చివర్లో లేత మీగడ రంగు గీతలు అంతకంటే తక్కువ. ఆ చివరి లేత గీతలు మానేస్తే సాదా ఖాకీ యూనిఫాంగా కనిపిస్తుంది, అవి తప్పకుండా ఉండాలి.

3 మి.మీ. బొమ్మలకు, అంటే 1:600 ప్రాంతంలో, నమూనా ఆలోచనే వద్దు. అడుగు రంగు, ఒకే ముదురు వాష్, హెల్మెట్ మీదా భుజం మీదా ఒక్కో లేత చుక్క.

చివరి పూత తప్పకుండా మ్యాట్ వార్నిష్ కావాలి. మెరిసే వార్నిష్ మీద పడే వెలుతురు మెరుపే మీ మచ్చల కంటే పెద్దగా ఉంటుంది, మొత్తం శ్రమను కప్పేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే చేస్తే తెల్లటి పొగలా పట్టేస్తుంది, పొడిగా ఉన్న రోజు చూసుకుని రెండు పలుచని పూతలు వేయండి. బేస్ మీద నేల రంగు కూడా ఆలోచించండి. ముదురు పచ్చ యూనిఫాంను ముదురు పచ్చ గడ్డి మీద నిలబెడితే మళ్లీ కామోఫ్లాజే గెలుస్తుంది. ఎండు గడ్డి రంగు, లేత మట్టి రంగు పెట్టండి. ఎడారి సైనికులకు అడుగున ఇసుక కంటే ఒక మెట్టు ముదురు నేల.

ఇప్పటికే వేసేసిన బొమ్మల రంగు గీకేయాల్సిన పని లేదు. ఒక స్టాండ్ (కొన్ని బొమ్మలు కలిపి నిలబెట్టిన బేస్) తీసుకుని ముఖాలు, చేతులు లేతగా మళ్లీ వేయండి, నడుము దగ్గర వెబ్బింగ్ గీత లాగండి, తుపాకీకి పైఅంచు ఇవ్వండి, బూట్లు ముదురు చేయండి. తర్వాత భుజాల మీద, మోకాళ్ల మీద నాలుగైదు చుక్కలను లేత అడుగు పచ్చతో కప్పేసి ఖాళీ చేయండి. ఉన్న గోధుమ మచ్చల్లో రెండింటిని ఎంచుకుని, వాటి పక్కన ఇసుక రంగు పెంచండి. వార్నిష్ ఆరాక ఆ స్టాండ్‌ను మిగతావాటి మధ్యలో పెట్టి, నిలబడి చూడండి. తేడా చాలు అనిపిస్తే మిగతా దళానికీ అంతవరకే చేయండి. చాలలేదనిపిస్తే అప్పుడు అడుగు రంగు నుంచి మొదలుపెట్టొచ్చు. ఆ స్టాండ్‌ను చెయ్యి చాచినంత దూరం నుంచి ఫొటో తీసి పెడితే ఏ రంగు ఎంత మార్చాలో చూసి చెబుతాను.